లిఫ్ట్ చేసిన బండికి వీల్ స్పేసర్లు: కొన్ని లెక్కలు, కొన్ని జాగ్రత్తలు

ఈ శీర్షిక కింద మామూలుగా మనం సర్వర్లు, డేటాబేసులు, నెట్‌వర్కులు అంటూ కంప్యూటర్ కబుర్లే చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి కాస్త దారి మళ్ళి గరాజులోకి వెళ్దాం. మా డెన్వర్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళ ముందు ఒకప్పుడు కామ్రీలు, అకార్డులే కనబడేవి. ఇప్పుడు వాటి పక్కన ఎత్తు పెంచిన ఫోర్‌రన్నర్లు, రాంగ్లర్లు, టకోమాలు కూడా నిలబడుతున్నాయి. ముందు ఎత్తు పెంచుతారు, తరవాత పెద్ద టైర్లు వేస్తారు, ఆ తరవాత అందరి నోటా వినబడే మాట వీల్ స్పేసర్లు. "వేయించమంటావా, వద్దంటావా?" అని నన్ను అడిగిన మిత్రులు అరడజను మందికి పైనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో గంటసేపు చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే మేలనిపించింది.

ముందే ఒక మాట. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, మెకానికల్ ఇంజనీరుని కాను. వారాంతాల్లో నా బండి పనులు నేనే చేసుకుంటాను, అంతే. ఇందులో వచ్చే లెక్కలేవీ మన ఇంటర్మీడియట్ ఫిజిక్సు దాటవు, కాబట్టి భయపడక్కర్లేదు.

అసలు స్పేసర్ అంటే ఏమిటి?

బండి చక్రం హబ్ అనే గుండ్రటి పీట మీద కూర్చుంటుంది. హబ్ నుంచి బయటికి పొడుచుకొచ్చిన మరలున్న కడ్డీలు స్టడ్లు. వాటి మీద లగ్ నట్లు బిగిస్తే చక్రం హబ్‌కి అతుక్కుంటుంది. ఈ హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్ళే వీల్ స్పేసర్. బిళ్ళ ఎంత మందం ఉంటే చక్రం అంత బయటికి జరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే, రెండు పాత మాడ్యూళ్ళ మధ్య దూర్చిన ఒక అడాప్టర్ లేయర్ అన్నమాట. అది పెట్టాక పైవాడికి కింద ఏముందో తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పేర్లలో ఒక గందరగోళం ఉంది. ముందు సస్పెన్షన్ స్ట్రట్ మీద ఒక దిమ్మ పెట్టి బండి ఎత్తు పెంచడాన్ని కూడా స్పేసర్ లిఫ్ట్ అంటారు. దానికీ వీల్ స్పేసర్‌కీ సంబంధం లేదు. ఒకటి ఎత్తు పెంచుతుంది, రెండోది వెడల్పు పెంచుతుంది. దుకాణంలో స్పేసర్లు కావాలని మాత్రమే అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం.

వీల్ స్పేసర్లలో రెండు రకాలున్నాయి. మొదటిది పలచటి పళ్ళెం లాంటిది, 3 నుంచి 10 మిల్లీమీటర్ల మందం. బండికి ఉన్న స్టడ్ల మీదే దాన్ని జారవిడిచి, పైన చక్రం పెట్టి, పాత నట్లే బిగిస్తారు. దీంతో చిక్కేమిటంటే, పళ్ళెం ఎంత మందమో స్టడ్ పొడుగు అంత తగ్గినట్టే. నట్టుకి దొరికే మరలు తగ్గిపోతాయి. కనీసం స్టడ్ వ్యాసమంత మేర మర పట్టాలన్నది చేతిలెక్క. 12 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మర ఉన్న స్టడ్ అయితే నట్టు 8 పూర్తి చుట్లు తిరగాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. అయిదు చుట్లకే బిగుసుకుపోయిందంటే ఆ పళ్ళెం తీసి పక్కన పడేయండి.

రెండో రకం దిట్టమైనది. దాదాపు అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా మందం. దీన్ని ముందు హబ్‌కి దాని సొంత నట్లతో బిగిస్తారు. దాని ఒంట్లోనే వేరే స్టడ్లు దిగగొట్టి ఉంటాయి, చక్రం వాటి మీద కూర్చుంటుంది. లిఫ్ట్ చేసిన ట్రక్కులకి వాడాల్సింది ఇదొక్కటే. ఇకనుంచి స్పేసర్ అన్నప్పుడల్లా నా ఉద్దేశం ఈ రెండో రకమే.

ఎందుకు వేస్తారు?

ఉదాహరణకి 2010 నుంచి 2024 దాకా వచ్చిన అయిదో తరం టొయోటా ఫోర్‌రన్నర్ తీసుకుందాం. నాకు బాగా తెలిసిన బండి, మనవాళ్ళ దగ్గర ఎక్కువగా కనబడేదీ అదే. దాని 17 అంగుళాల చక్రానికి కంపెనీ ఇచ్చే టైరు 265/70. పెద్ద టైర్లు కావాలనుకునేవాళ్ళు సాధారణంగా వెళ్ళేది 285/70కి. కొలిస్తే పాత టైరు వ్యాసం సుమారు 803 మి.మీ., కొత్తది 831 మి.మీ. వెడల్పు 20 మి.మీ. పెరిగింది, అంటే లోపలి వైపు 10, బయటి వైపు 10. లోపలి ఆ 10 మి.మీ. దగ్గరే పేచీ. ముందు చక్రం వెనకాల సస్పెన్షన్ తాలూకు పై కంట్రోల్ ఆర్మ్ ఉంటుంది. టైరుకీ దానికీ మధ్య సందు అసలే తక్కువ. అది కాస్తా తగ్గిపోయి టైరు పక్కగోడ ఆర్మ్‌కి రాసుకుంటుంది. పక్కగోడ ఒరుసుకుపోయిన టైరు ఏ క్షణాన పేలుతుందో చెప్పలేం, కాబట్టి ఇది ఏదో చప్పుడు గొడవ కాదు. చక్రాన్ని బయటికి జరిపితే ఆర్మ్‌కి దూరమవుతుంది. స్పేసర్ వేయడానికి ఉన్న అసలైన కారణం ఇదే.

తమాషా ఏమిటంటే, ఇక్కడ మనకి కావలసింది 10, 12 మిల్లీమీటర్లు. దిట్టమైన రకం స్పేసర్లలో బాగా దొరికేది అంగుళంపావు, అంటే 31.75 మి.మీ. అంతకన్నా పలచగా చేస్తే లోపలి నట్లు, బండి స్టడ్ల కొసలు దాంట్లో ఇమడవు. అంటే 10 కావలసిన చోట 32 కొనుక్కుంటున్నాం. ఆ మిగతా 20 మి.మీ. ఊరికే రాదు, దాని ఖర్చు వేరే చోట కట్టాలి.

మొదటి ఖర్చు ఇదిగో. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చక్రం ఒక వంపులో తిరుగుతుంది. చక్రం బయటికి జరిగేకొద్దీ ఆ వంపు పెద్దదవుతుంది. అప్పుడు టైరు వెనక భాగం వెళ్ళి ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌కో, ఛాసిస్ మీద బాడీని నిలిపే బ్రాకెట్‌కో తగులుతుంది. లోపల రాసుకోవడం మానేసి బయట రాసుకోవడం మొదలవుతుందన్నమాట. ఎత్తు పెంచాం కాబట్టి తగలదు కదా అనుకోకండి. గుంటలో పడి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం దాదాపు పాత చోటికే వస్తుంది, లిఫ్ట్ అక్కడ అక్కరకి రాదు. ఈ బండ్లకి ఆ బ్రాకెట్ మూల కోసి వెల్డింగ్ చేయించుకునేవాళ్ళు అందుకే ఉన్నారు.

స్టెబిలిటీ తిరిగి వస్తుందా?

స్పేసర్లు అమ్మేవాళ్ళు చెప్పే రెండో కారణం ఇది: "ఎత్తు పెంచితే బండి పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది, వెడల్పు పెంచితే అది సర్దుకుంటుంది." దిశ నిజమే, మోతాదు ఎంతో లెక్క వేద్దాం. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. 2001 మోడళ్ళ నుంచి కొత్త బండ్లకి పల్టీ రేటింగు ఇస్తోంది. దాని వెనక ఉన్న సూత్రం చాలా సులువు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని, గరిమనాభి ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. ఆ అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ.

ఫోర్‌రన్నర్ చక్రాల మధ్య దూరం 63.2 అంగుళాలు. గరిమనాభి ఎత్తు 28 అంగుళాలని లెక్క కోసం అనుకుందాం. 63.2ని 56తో భాగిస్తే 1.13. ఇప్పుడు లిఫ్ట్, పెద్ద టైర్లు కలిపి గరిమనాభి రెండున్నర అంగుళాలు పైకి లేచిందనుకుందాం. 63.2ని 61తో భాగిస్తే 1.04కి దిగింది. చూడటానికి చిన్న తేడా, కానీ మామూలు కార్లకీ ఎస్‌యూవీలకీ మధ్య తేడా కూడా ఇలాంటి దశాంశాల్లోనే ఉంటుంది. ఇప్పుడు నాలుగు చక్రాలకీ అంగుళంపావు స్పేసర్లు వేస్తే దూరం 65.7 అవుతుంది. మళ్ళీ భాగిస్తే 1.08. పోగొట్టుకున్న దాంట్లో సగం కూడా తిరిగి రాలేదు. పూర్తిగా రాబట్టాలంటే ఒక్కో వైపు 2.8 అంగుళాలు జరపాలి, అది ఎవరూ చేయకూడని పని. అందుకని స్పేసర్లు వేశాం కదా, ఇక ఐ-70 దిగుడులో వంపులన్నీ పాత వేగంతోనే తీయొచ్చు అనుకుంటే పొరపాటు.

బేరింగుల సంగతి

ఇక మనవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని వాదన: స్పేసర్లు బేరింగుల్ని తినేస్తాయా?

దీనికి ముందు ఆఫ్‌సెట్ అనే మాట తెలియాలి. చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యగా ఒక గీత గీయండి. చక్రం హబ్‌ని తాకే ముఖం ఆ గీతకి ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ఆ ముఖం బయటి వైపుకి ఉంటే ప్లస్, లోపలి వైపుకి ఉంటే మైనస్. ఫోర్‌రన్నర్‌లో ఎక్కువ మోడళ్ళకి ఇది ప్లస్ 15 మి.మీ. స్పేసర్ మందం ఎంతో అంత దీంట్లోంచి తీసేయాలి. 15లోంచి 31.75 పోతే మైనస్ 16.75. లిఫ్ట్ చేసిన బండ్లకి అమ్మే ఆఫ్టర్‌మార్కెట్ చక్రాల్లో మైనస్ 10 ఆఫ్‌సెట్ సర్వసాధారణం.

"స్పేసర్ వేస్తే బేరింగ్ పోతుంది, అందుకే నేను మైనస్ ఆఫ్‌సెట్ చక్రాలు కొన్నా" అని గర్వంగా చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. బేరింగ్‌కి కళ్ళు లేవు. టైరు మధ్యగీత తన నుంచి ఎంత దూరంలో ఉందన్నదే దానికి తెలుస్తుంది. 25 మి.మీ. స్పేసర్ వేసిన ప్లస్ 15 చక్రమూ, స్పేసర్ లేని మైనస్ 10 చక్రమూ బేరింగ్ దృష్టిలో ఒకటే. చక్రం మీద 600 కిలోల బరువుందనుకుంటే, 31.75 మి.మీ. దూరం పెరగడం వల్ల బేరింగ్‌ని మెలితిప్పే బలం సుమారు 187 న్యూటన్-మీటర్లు పెరుగుతుంది. గుంటలో పడ్డప్పుడు ఇది రెండింతలు, మూడింతలు కావచ్చు. కానీ వంపు తిరిగేటప్పుడు టైరు అడుగున పక్కకి నెట్టే బలం ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగానే బేరింగ్‌ని మెలితిప్పుతుంది. కాబట్టి స్పేసర్ వేసిన మర్నాడే బేరింగ్ ఊడిపోదు. ఆయుష్షు కొంత తరుగుతుంది, అది రెండు పద్ధతుల్లోనూ తరుగుతుంది.

స్టీరింగ్ విషయంలోనూ ఇదే కథ. ముందు చక్రం తిరిగే ఇరుసు రేఖ నేలని తాకే చోటుకీ, టైరు నేల మీద ఆనే చోటుకీ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. చక్రం బయటికి జరిగితే ఇదీ అంతే మారుతుంది. ఒక పక్క చక్రం రాయెక్కినా, ఒక పక్క మాత్రమే మంచు మీద బ్రేకు పడినా స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. చలికాలంలో కొలరాడోలో బండి నడిపేవాళ్ళకి ఇది తెలియకుండా పోదు.

అయితే మైనస్ ఆఫ్‌సెట్ చక్రాలకీ స్పేసర్లకీ తేడాయే లేదా? ఉంది. చక్రం అయితే ఒకే బిగింపు. స్పేసర్ అయితే రెండు బిగింపులు, అందులో ఒకటి కంటికి కనపడదు. నా దృష్టిలో అసలు విషయమంతా అక్కడే ఉంది.

కనపడని నట్లు

చక్రం బరువుని స్టడ్లు మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి స్టడ్ల పని మోయడం కాదు, లాగిపట్టడం. నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరు బ్యాండులా అతి కొంచెం సాగుతుంది. ఆ సాగుడు చక్రాన్ని హబ్‌కి అదిమిపెడుతుంది. చక్రం నిలబడేది ఆ అదుముడు వల్ల పుట్టిన రాపిడితో.

ఎంత అదుముడు? ఫోర్‌రన్నర్ నట్లకి టొయోటా చెప్పే టార్క్ 83 ఫుట్-పౌండ్లు, అంటే 113 న్యూటన్-మీటర్లు. టార్క్ అంటే అదుముడు బలం, స్టడ్ వ్యాసం, రాపిడి గుణకం, ఈ మూడింటి లబ్ధం. పొడి మరలకి గుణకం 0.2 అనుకుంటే ఒక్కో స్టడ్ 47 కిలోన్యూటన్ల బలంతో, అంటే దాదాపు 4.8 టన్నుల బరువుతో లాగిపడుతోంది. ఆరు స్టడ్లు కలిపి 28 టన్నుల పైచిలుకు! లోహాల మధ్య రాపిడిని 0.15గా తీసుకున్నా చక్రం జారకుండా 4.3 టన్నుల పట్టు ఉంటుంది. 600 కిలోల బరువున్న మూలకి ఇది ధారాళంగా సరిపోతుంది.

ఇప్పుడు ఆ సాగుడు ఎంతో చూడండి. 47 కిలోన్యూటన్లకి 12 మి.మీ. ఉక్కు స్టడ్ తన పొడుగులో నూటికి పావు వంతు సాగుతుంది. స్పేసర్ లోపలి నట్టు కింద సాగే భాగం 20 మి.మీ. అనుకుంటే, సాగుడు 0.05 మి.మీ. మనం ప్రింటరులో పెట్టే కాయితం మందంలో సగం! హబ్ మీద తుప్పు పొరో, స్పేసర్ మీద రంగు పొరో ఉండి, నాలుగు రోజులు బండి తిరిగాక అది నలిగి 0.025 మి.మీ. లోపలికి కుంగిందనుకోండి. నట్టు ఒక్క పిసరు కూడా తిరగకుండానే సగం బలం పోయింది. కాస్సేపటికి స్పేసర్ హబ్ మీద అటూ ఇటూ జరగడం మొదలెడుతుంది, ఆ కదలికకి నట్లు నిజంగానే వదులవుతాయి, ఆ తరవాత స్టడ్లు వంగి వంగి అలిసిపోయి విరుగుతాయి. చక్రం ఊడిపోవడం అంటే ఇదే. అది ఊడేది 70 మైళ్ళ వేగంలో కావచ్చు, ఊడిన చక్రం వెళ్ళి తగిలేది పక్క లేనులో ఉన్న బండికి కావచ్చు.

మా మిత్రుడొకడు సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్‌రన్నర్ కొన్నాడు, అప్పటికే లిఫ్ట్ చేసినది. కొన్న కొత్తలో ఒక టైరు దుకాణంలో టైర్లు ముందువి వెనక్కి మార్పించాడు. మర్నాడు మోయాబ్ ప్రయాణమనగా సాయంత్రం నాకు ఫోను. నెమ్మదిగా వెళ్తుంటే ముందు నుంచి టక్, టక్ మని చప్పుడు వస్తోందట, చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక టక్. వెళ్ళి బయటి నట్లు టార్క్ రెంచితో చూశాను, ఆరూ సరిగ్గా ఉన్నాయి. చక్రం తీశాం. వెనక స్పేసర్! బండిలో అది ఉన్నట్టు మా వాడికే తెలియదు. లోపలి ఆరు నట్లలో రెండు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. స్పేసర్ కన్నాల అంచులు గుడ్డు ఆకారంలో అరిగిపోయి, చుట్టూ అల్యూమినియం పొడి నల్లగా పేరుకుపోయి ఉంది.

వాళ్ళావిడ గరాజు గుమ్మంలో నిలబడి, "అన్నయ్యగారూ, మళ్ళీ బిగించేస్తే రేపటికి పరవాలేదు కదా? పిల్లలు బ్యాగులు కూడా సర్దేసుకున్నారు" అంది.

"పరవాలేదని చెప్పలేనమ్మా. నా వ్యాన్ తీసుకెళ్ళండి" అన్నాను.

కన్నం అరిగిన స్పేసర్‌నీ, కదలికకి లోనైన స్టడ్లనీ మళ్ళీ బిగించి నమ్మకూడదు. మార్చాల్సిందే. వాళ్ళు వ్యానులో మోయాబ్ వెళ్ళొచ్చారు. ఆ వారం మేమిద్దరం కూర్చుని ముందు హబ్‌ల స్టడ్లన్నీ మార్చాం, స్పేసర్లు తీసేసి సరైన ఆఫ్‌సెట్ ఉన్న చక్రాలు వేశాం. టైరు దుకాణం వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళు తమ చేతికందిన నట్లు సరిగ్గానే బిగించారు. కింది లేయర్‌లో ఏముందో వాళ్ళకి తెలిసే దారేదీ?

ఏది కొనాలి?

స్పేసర్లే వేయాలని నిర్ణయించుకుంటే మూడు కొలతలు సరిపోవాలి. ఫోర్‌రన్నర్‌కి ఆరు స్టడ్లు 139.7 మి.మీ. వృత్తంలో ఉంటాయి, హబ్ మధ్య బొడిపె వ్యాసం 106 మి.మీ., మర ఎం12×1.5. షెవర్లే సిల్వరాడోకి కూడా ఆరు స్టడ్లే, అదే 139.7 వృత్తమే. కానీ బొడిపె 78.1 మి.మీ., మర ఎం14×1.5. అట్ట మీద 6×139.7 అని చూసి కొనేస్తే మోసపోతారు. ఈ అంకెలు 2025లో వచ్చిన ఆరో తరం ఫోర్‌రన్నర్‌కి వర్తిస్తాయని కూడా అనుకోకండి, దానివి విడిగా చూసుకోవాలి.

బొడిపె కొలత ఎందుకంటే, స్పేసర్ హబ్ మీద సరిగ్గా మధ్యలో కూర్చోవాలి, దాని మీద చక్రం కూడా సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. హబ్‌సెంట్రిక్ అని అమ్మేవాటికి లోపల 106 మి.మీ. కన్నం, బయట అదే కొలతతో ఉబ్బెత్తు అంచు, రెండూ ఉంటాయి. కొన్ని చవక సరుకులకి కన్నం ఉంటుంది, అంచు ఉండదు. అలాంటివి వేస్తే 60 మైళ్ళు దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. లోహం 6061-టి6 అల్యూమినియం, స్టడ్లు 10.9 గ్రేడు అని స్పష్టంగా రాసి ఉండాలి. పోత పోసినవి వద్దు. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పేర్చడం ఎప్పుడూ, ఎవరి బండికీ వద్దు.

బిగించే పద్ధతి

సమతలమైన నేల మీద బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి అటూ ఇటూ అడ్డాలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, తరవాత జాకీ ఎత్తి, జాక్ స్టాండు పెట్టండి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి దగ్గర చేతులు పెట్టవద్దు.

చక్రం తీశాక అసలు పని శుభ్రం చేయడం. వైర్ బ్రష్షుతో హబ్ ముఖం, రోటర్ ముఖం లోహం మెరిసేదాకా తోమండి. మా రాష్ట్రంలో చలికాలం రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్ పుణ్యమా అని ఇక్కడ పొరలు పొరలుగా తుప్పు ఉంటుంది. పైన చెప్పిన 0.025 మి.మీ. లెక్క గుర్తు తెచ్చుకుంటే ఈ పది నిముషాలు విసుగనిపించవు. కొన్ని బండ్లకి ఫ్యాక్టరీ నుంచి స్టడ్ల మీద పలచటి రేకు రింగులు ఉంటాయి, అవి పీకేయాలి. స్పేసర్‌ని ఒట్టిగా పెట్టి చేత్తో ఊపి చూడండి. ఏ మాత్రం ఊగినా ఎక్కడో ఆనడం లేదన్నమాట.

నట్లు ముందు చేత్తో మొదలుపెట్టండి, ఇంపాక్ట్ గన్ను జోలికి పోవద్దు. నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా ముందు 40 ఫుట్-పౌండ్లకి, తరవాత పూర్తి టార్క్‌కి బిగించాలి. పూర్తి టార్క్ ఎంతన్నది స్పేసర్ కిట్‌తో వచ్చే కాయితం చెప్పిన ప్రకారం. రెంచి తిప్పుతుంటే హబ్ కూడా తిరుగుతుంది కాబట్టి లోపల ఒకరు బ్రేకు తొక్కి కూర్చోవాలి. మా ఇంట్లో ఈ ఉద్యోగం మా అమ్మాయిది.

మరలకి నూనె, గ్రీజు, యాంటీ-సీజ్ రాయవద్దు. తుప్పు పట్టకుండా మంచిదే కదా అనిపిస్తుంది. కానీ రాపిడి గుణకం 0.2 నుంచి 0.12కి పడిపోతే, అదే 113 న్యూటన్-మీటర్ల టార్క్‌కి స్టడ్ మీద 47 బదులు 78 కిలోన్యూటన్లు పడతాయి. 10.9 గ్రేడు ఎం12 స్టడ్ శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునేది 73 దాకానే. టార్క్ రెంచి క్లిక్ మంటుంది, మీరు సరిగ్గా చేశాననుకుంటారు, స్టడ్ మాత్రం లోపల పాడైపోయి ఉంటుంది. హబ్ మధ్య బొడిపె చుట్టూ మాత్రం యాంటీ-సీజ్ పలచగా రాయొచ్చు, లేకపోతే ఉక్కూ అల్యూమినియమూ ఉప్పు నీళ్ళలో అతుక్కుపోయి రెండేళ్ళకి సుత్తి పట్టుకోవాల్సి వస్తుంది. కొన్ని కిట్లతో థ్రెడ్ లాకర్ సీసా వస్తుంది. అది వాడాలా వద్దా, వాడితే ఎంత టార్క్ అన్నది ఆ కంపెనీ చెప్పినట్టే చేయండి, సొంత తెలివి వద్దు.

చక్రం పెట్టేముందు, బండి స్టడ్ల కొసలు స్పేసర్ ముఖం దాటి బయటికి వస్తున్నాయేమో స్కేలు ఆనించి చూడండి. వస్తుంటే చక్రం వెనక వాటికి సరిపడే గుంటలు ఉండాలి. లేకపోతే చక్రం స్టడ్ల కొసల మీద కూర్చుంటుంది, స్పేసర్ మీద కాదు. నట్ల ఆకారం కూడా చూడాలి. టొయోటా అల్లాయ్ చక్రాలకి వాషరున్న చదును నట్లు వస్తాయి, ఆఫ్టర్‌మార్కెట్ చక్రాలకి శంకువు ఆకారం నట్లు కావాలి. ఒకదానివి ఒకదానికి వాడకూడదు.

50 నుంచి 100 మైళ్ళు తిరిగాక చక్రాలన్నీ మళ్ళీ తీసి లోపలి నట్లు టార్క్ రెంచితో చూడాలి. బయటి నట్లు చూస్తే సరిపోదు. అందరూ ఎగ్గొట్టే పని ఇదే, చక్రాలు ఊడే దారి కూడా ఇదే. ఆ తరవాత 5,000 మైళ్ళకి ఒకసారి టైర్లు మార్చినప్పుడల్లా మళ్ళీ చూడాలి. అంత ఓపిక లేదనుకుంటే స్పేసర్ల జోలికి వెళ్ళకండి, కాస్త ఎక్కువ డబ్బు పోసి సరైన ఆఫ్‌సెట్ చక్రాలు కొనుక్కోండి. నేనైతే అదే చేస్తాను. పాత టైర్లే ఉంచి కేవలం అందం కోసం స్పేసర్లు వేయడం మాత్రం నాకు బొత్తిగా నచ్చదు.

కాయితాల సంగతి

బండి లీజుదైతే ఈ ఆలోచనే వద్దు. సొంతదైతే ఇన్సూరెన్సు వాళ్ళకి మార్పులు చేశామని ముందే చెప్పి రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ విషయంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం మన పక్షానే ఉంది. బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడం కుదరదు. అయితే చెడింది చక్రం బేరింగే అయినప్పుడు డీలరు స్పేసర్‌ని చూపిస్తే మనం వాదించగలిగేది తక్కువే. టైరు ఫెండర్ దాటి బయటికి రాకూడదన్న నియమం కొన్ని రాష్ట్రాల్లో ఉంది, మీ రాష్ట్రం సంగతి చూసుకోండి. ఇక్కడ చూసి ముచ్చటపడి హైదరాబాదులో తమ్ముడి థార్‌కి పంపిద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద భారత సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది.

ఇన్ని చెప్పాక కూడా వేయించుకునేవాళ్ళు ఒక చిన్న పని చేయండి. లోపలి నట్లకి సరిపోయే పలచటి గోడ సాకెట్ ఒకటి, టార్క్ రెంచి ఒకటి బండిలోనే ఉంచండి. డ్రైవరు తలుపు అంచున, టైరు గాలి ఒత్తిడి స్టిక్కర్ పక్కన, మరో స్టిక్కర్ అంటించండి. దాని మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఈ బండికి స్పేసర్లు ఉన్నాయనీ, లోపలి నట్లకి ఎంత టార్క్ అనీ, ఆఖరుసారి ఏ తేదీన, ఎన్ని మైళ్ళ దగ్గర చూశారనీ రాయండి. బండి అమ్మేటప్పుడు కూడా దాన్ని పీకకండి.